లినో చేతి కొలత

దుష్టశక్తులు తిరగడానికి అర్ధరాత్రే కావాలని ఎవరన్నారు?

మా ఇబెరా చిత్తడి నేలల్లో అవి మిట్టమధ్యాహ్నం తిరుగుతాయి!

సూర్యుడు నడినెత్తిన నిలిచి నీడలన్నీ కాళ్ళకిందికి దూరిపోయే వేళ అది. ఊరంతా తలుపులు బిడాయించుకుని కునుకు తీసే వేళ... కుక్క మొరగదు. కోడి కూయదు. గాలి స్తంభించిన సరస్సు కరిగిన సీసంలా మిలమిలలాడుతుంది. ఆ వేళ ఒంటరిగా నీటి ఒడ్డుకు పోయిన పిల్లలు తిరిగిరారని మా తల్లులు ఉయ్యాల ఊపుతూనే బిడ్డలకు నేర్పుతారు.

లినోకీ నేర్పారు. కానీ ఆరేళ్ళ పిల్లవాడికి మొసలిని చూడాలన్న కోరిక ముందు ఏ భయం ఆగుతుంది? వేసవి మొదట్లో ఓ కునుకువేళ వాడు గుమ్మం దాటాడు. సాయంత్రానికి జాలర్లు తెచ్చి అప్పగించారు. మొసలి ముట్టలేదు. నీళ్ళే మింగి, నీళ్ళే తేల్చాయి.

ఇప్పుడు అదే కునుకువేళ, వాడి తండ్రి బాల్తాసార్ అయాలా పనిబల్ల ముందు కూర్చుని వణుకుతున్నాడు. ఆ చుట్టుపక్కల పశువుల కాపరుల నడుముల్లో ఉన్న కత్తులన్నీ అతని కొలిమిలో పుట్టినవే. నిప్పంటే భయం లేదు, ఇనుమంటే భయం లేదు. కానీ వెనక వసారాలో ఉయ్యాల మంచం కిర్రుమంటే మాత్రం...

కిర్ర్ర్... కిర్ర్ర్...

"నాన్నా, నా కత్తి అయిందా?"

గొంతు లినోది. నోరు మాత్రం వాడి తల్లి ఎర్మెలిందాది!

ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ నల్లగుడ్లు పైకి తేలిపోయాయి. పొడిగా దువ్వి ముడేసుకున్న జుట్టులోంచి సరస్సు నీళ్ళు ధారగా కారుతున్నాయి. చెంపల మీద నాచు! ఉయ్యాల కింద మట్టినేల మీద తడి పాదముద్రలు... అరచేతిలో ఇమిడిపోయేంత చిన్న పాదాలు... గుమ్మం నుంచి ఉయ్యాల దాకా వచ్చి, అక్కడ ఆగిపోయాయి.

"ఇంకా కాలేదు నాన్నా," అన్నాడు బాల్తాసార్. 

"రోజూ ఇదే చెప్తావ్. పెద్రీతో గాడికి వాళ్ళ నాన్న ఎప్పుడో కొనిచ్చాడు."

"వాడిది బజారు కత్తిరా. వెన్న కూడా తెగదు దానికి."

ఆమె పెదవుల మీద పిల్లవాడి నవ్వు విరిసింది. ఆ నవ్వుతో పాటే నోట్లోంచి దోసెడు నీళ్ళు ఒలికాయి. నీడ బెత్తెడు పొడుగు సాగేసరికి ఆ నవ్వు ఆరిపోయింది. ఎర్మెలిందా తనలోకి తాను తిరిగొచ్చి, మంచం కర్ర పట్టుకుని దగ్గింది... దగ్గింది... దగ్గింది.

రోజూ ఇంతే. రోజురోజుకీ ఆమె ఒంట్లో నెత్తురు తగ్గి నీరు పెరుగుతోంది.

కారణం ఊరందరికీ తెలుసు. మా వైపు పసివాడు పోతే శవమనరు, బుల్లి దేవదూత అంటారు. వీపుకి కాగితపు రెక్కలు అంటించి, పీట మీద కూర్చోబెట్టి, అకార్డియన్ వాయించి, నాట్యం చేసి సాగనంపుతారు. ఎవరూ ఏడవరు. తల్లి అసలే ఏడవకూడదు. ప్రార్థనలు చదివే ముసలమ్మ దోన్యా రుఫీనా ఆ పూట ఎర్మెలిందా భుజం పట్టుకుని మరీ చెప్పింది, "గుండె రాయి చేసుకో తల్లీ. రెక్కలు తడిస్తే ఎగరలేడు" అని.

ఎర్మెలిందా నాట్యం కూడా చేసింది. కానీ చివర్లో, పెట్టె మూసే ముందు, వంగి బిడ్డ మెడ వెనక ముద్దు పెట్టుకుంది. ఒక్క క్షణం... ఆ ఒక్క క్షణంలో కట్ట తెగింది! నీలం కాగితపు రెక్కలు ఆమె కన్నీళ్ళలో నాని, రంగు వెలిసి, ముద్దయి బిడ్డ వీపుకి అతుక్కుపోయాయి. అకార్డియన్ ఆగిపోయింది.

మర్నాటి మధ్యాహ్నం నుంచి వాడు ఇంటికి రావడం మొదలుపెట్టాడు.

* * *

బాల్తాసార్ ఆమె జుట్టు తుడుస్తుండగా గుమ్మంలో వెలుగు ఆగిపోయింది. ఎవరో నిలబడ్డారు!

"కునుకువేళ మెలకువగా ఉన్న ఇల్లు చూస్తే నాకు పిలిచినట్టే ఉంటుంది, చామిగో... నేస్తం."

దోన్ సెవెరో! సరస్సు మధ్య తేలాడే గడ్డిదిబ్బ మీద ఒంటరిగా బతికే మాంత్రికుడు. పయే కట్టడంలో... అంటే మనుషుల్నీ ఆత్మల్నీ కట్టి పడెయ్యడంలో... అంతటివాడు ఆ నీళ్ళ ఒడ్డున లేడు. రావిచెట్టు వేరులా మెలికలు తిరిగిన శరీరం. రెప్పవాల్చని కళ్ళు. చంకలో కాలంతో నల్లబడిన ఓ కపాలం... అతను అడుగేసినప్పుడల్లా ఆ కపాలం లోపల గింజల్లా ఏవో గలగలమన్నాయి.

"ఇది మీరు రావాల్సిన ఇల్లు కాదు, దోన్ సెవెరో," అన్నాడు బాల్తాసార్.

"అందరూ అలాగే అంటారు. తరవాత కుర్చీ వేస్తారు." అతను కపాలాన్ని తెచ్చి దాగలి మీద పెట్టాడు. "నీ పెళ్ళాం ఏడ్చింది. ఆ కన్నీళ్ళే దారమయ్యాయి. ఓ కొస ఆవిడ గుండెలో, ఇంకో కొస వాడి వీపు మీద. వాడు ఎగరబోతాడు, దారం లాగేస్తుంది. మళ్ళీ ఎగరబోతాడు, మళ్ళీ లాగేస్తుంది. ముందు ఆవిడ పోతుంది. ఆ తరవాత వాడికి పైనా చోటు లేదు, కిందా చోటు లేదు."

బాల్తాసార్ చేతిలోని తువ్వాలు జారిపోయింది. "ఏం చెయ్యాలి?"

"కత్తి చెయ్యాలి. తండ్రి గీసి, తండ్రి కొట్టిన కత్తి అలుగుకే ఆ దారం తెగుతుంది. నీ అదృష్టం, పుట్టుకతో కత్తులవాడివి. పోయినసారి ఒకడు వలలు అల్లేవాడు దొరికాడు. వాడి చేత సూది చేయించేసరికి నా ప్రాణం మీదికొచ్చింది."

"తెగాక వాడు పైకి వెళ్ళిపోతాడా?"

"మరి ఎక్కడికి పోతాడు?" అన్నాడు సెవెరో. పెదవులు నవ్వాయి. కళ్ళు నవ్వలేదు.

బాల్తాసార్ ఏ కత్తి మొదలుపెట్టినా ముందు ఇనుము ముట్టడు. మూడు ప్రశ్నలు అడుగుతాడు. వాటికి జవాబు వచ్చాకే అట్టముక్క మీద గీత గీస్తాడు. ఆ గీతని బట్టి మెత్తని చెక్కతో ఓ ఉత్తుత్తి కత్తి చెక్కుతాడు. పిడి కోసం మనిషి చేతికి తేనెమైనం ముద్ద ఇచ్చి, పిడికిలి బిగించమంటాడు. ఆ ముద్ద మీద పడ్డ వేళ్ళ గుంటలే పిడికి కొలత. ఇదంతా అయ్యాకే కొలిమి రాజేసేది. అలవాటు చొప్పున ఇప్పుడూ అడిగాడు.

"ఏం కోస్తుంది?"

"చెప్పానుగా. దారం."

"ఎక్కడ ఉంటుంది?"

"నా దగ్గరే."

"ఎవరి చేతిలో?"

"ఈ చేతిలో." సెవెరో మైనం ముద్ద అందుకుని బిగించాడు. ఎండకి చెమటలు కక్కుతున్న మైనం ఆ పిడికిలిలో రాయిలా గడ్డకట్టి, టప్పున పగులు విచ్చింది. "అలుగు బెత్తెడు చాలు. పిడి లోపల బోలుగా ఉండాలి. పసివాడి వేలి ఎముక పట్టేంత. చివర బిగుతైన మూత. మూత కింద ఓ రంధ్రం, దాంట్లోంచి తోలుపట్టీ. నా మణికట్టుకి కట్టుకుంటాను."

"దారం తెంపడానికి ఇవన్నీ ఎందుకు?"

"వైద్యుడు మందు రాస్తే ఆకు ఆకూ లెక్క అడుగుతావా? ఆకాశంలో ఉరుములు మొదలైన మొదటి మధ్యాహ్నం వస్తాను. అప్పటికి సిద్ధంగా ఉండాలి." గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "ఆలస్యం చెయ్యకు చామిగో. ఆవిడ గొంతులో ఇవాళ ఎన్ని నీళ్ళున్నాయో చూశావుగా."

కపాలం గలగలమంది. దూరంగా చాహా పక్షులు కీచుగా అరుస్తూ గుంపుగా లేచిపోయాయి...

* * *

ఆ సాయంత్రం ఎర్మెలిందా చిపా రొట్టెలు కాలుస్తూ అతని వైపు చూడకుండానే అడిగింది.

"ఆ మాంత్రికుడెందుకొచ్చాడు?"

"నిన్ను బాగు చెయ్యడానికి."

"నేను బాగు చెయ్యమన్నానా?"

"అద్దంలో చూసుకున్నావా ఎర్మే? ఎముకలు తేలాయి."

"తేలనీ." ఆమె రొట్టె తిప్పింది. "పొద్దున లేచి ఇల్లు చిమ్ముతాను, నీళ్ళు మోస్తాను, నీకు మాతే కషాయం కాచిస్తాను. ఇవన్నీ మధ్యాహ్నం వాడొస్తాడనే చేస్తున్నాను బాల్తా. నాలోంచి వాణ్ణి తీసెయ్యొద్దు."

"వాడికి అక్కడ చలేస్తోందేమో. ఎప్పుడైనా ఆలోచించావా?"

రొట్టె మాడిపోయింది. ఇద్దరూ దాన్నే తిన్నారు.

మర్నాటి నుంచి బాల్తాసార్ పనిలో పడ్డాడు. అట్టముక్క మీద అలుగు గీశాడు. వెన్ను తిన్నగా, పదును అంచు కొద్దిగా వంపుగా, మొన సన్నగా. చెరిపి మళ్ళీ గీశాడు. పిడి బోలుగా ఉంటే దాంట్లోకి దూరే అలుగు తోక సగమే దిగుతుంది, పట్టు బలహీనమవుతుంది. అందుకని పిడి లావు పెంచాడు. పెంచితే బరువంతా చేతి వైపు పడుతోంది. మళ్ళీ చెరిపాడు. చివరికి చెక్కతో నమూనా చెక్కి, మూత బిగించి, పట్టీ దూర్చి, మణికట్టుకి కట్టుకుని గాల్లో ఊపి చూశాడు.

ఊపుతూనే నిలబడిపోయాడు!

ఇన్నేళ్ళలో అతను చేసిన ప్రతి కత్తీ దాని పని ఏమిటో తన ఆకారంతోనే చెప్పింది. చర్మం ఒలిచే కత్తికి పొట్ట ఉంటుంది. తోలుతాడు కోసే కత్తికి తిన్నని అంచుంటుంది. మరి ఈ కత్తి ఏం చెబుతోంది? తెంపి వదిలేసేవాడికి పిడిలో గది ఎందుకు? గదికి మూత ఎందుకు? ఎవరో పెనుగులాడి లాక్కుంటారన్న భయం లేనివాడు పట్టీ ఎందుకు కట్టుకుంటాడు?

ఇది దారం తెంపే కత్తి కాదు. బోను!

అతను ఆ చెక్కముక్క పట్టుకుని పక్కింటికి పరిగెత్తాడు. దోన్యా రుఫీనా వేపాకు రంగు పావడా మోకాళ్ళ దాకా ఎగదోసుకుని, నల్లచుట్ట కాలుస్తూ కోళ్ళకి గింజలు చల్లుతోంది.

"ఏంట్రా అబ్బాయ్, దెయ్యం తరుముతున్నట్టు వచ్చావ్?"

"వలలు అల్లే సిరియాకో... వాళ్ళ పాప పోయింది కదా. వాళ్ళావిడని దోన్ సెవెరో బాగు చేశాడా?"

ముసలమ్మ చెయ్యి ఆగిపోయింది. గింజలన్నీ ఒక్కచోటే రాలాయి. కోళ్ళు కొట్టుకుచచ్చాయి.

"చేశాడు. శుభ్రంగా చేశాడు. బుగ్గలు నిండాయి, నవ్వుతూ తిరుగుతోంది. మొన్న సంతలో కనిపిస్తే పాపని తలుచుకున్నాను. 'నాకు పిల్లలెక్కడున్నారు దోన్యా రుఫీనా, మీకు మతి పోతోంది' అంది." చుట్ట ఆరిపోయినా అలాగే పీల్చింది. "ఆ పాపకి రెక్కలు కత్తిరించింది ఈ చేతులే."

"మరి పాప?"

"వాడి కపాలంలో గలగలమంటూ ఉంది. దాంతో పాటు ఇంకా ఎందరో. తల్లి గుర్తుపెట్టుకుంటే ఆ దారం మళ్ళీ మొలుస్తుంది, అందుకని గుర్తునే పెరికేస్తాడు. పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేని బిడ్డ ఎవరు చెప్పినా వింటాడు. ఎవరింటికి పొమ్మంటే పోతాడు, ఎవరి గొంతు నొక్కమంటే నొక్కుతాడు."

"నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగావా? అతను నీ ఇంటికొచ్చిన సంగతి నాకేం తెలుసు?" ఆమె అతని చేతిలోని చెక్క నమూనా వైపు చూసింది. "నాకు ప్రార్థనలు తెలుసు, కత్తులు తెలియవు. కత్తి సంగతి నువ్వే చూసుకోవాలి."

* * *

కత్తుల పనిలో చెప్పకపోయినా అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. ఒకరి చేతికి కొలిచిన కత్తి ఇంకొకరి చేతిలో పని చెయ్యదు. మరీ బిగిస్తే ఆ చేతినే కోస్తుంది.

ఆ మధ్యాహ్నం ఉయ్యాల కిర్రుమనగానే బాల్తాసార్ వెళ్ళి తడి నేల మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చేతిలో కొత్త మైనం ముద్ద. 

"లినో, నీ కత్తికి కొలత తీసుకుంటాను. గట్టిగా పట్టుకో."

"నిజంగా?"

"నిజంగా."

ఎర్మెలిందా చెయ్యి చాచింది. పెద్ద మనిషి చెయ్యే. కానీ పట్టు ఆమెది కాదు. బొటనవేలు పైకి లేపి, చిటికెన వేలు బయటికి చాచి, మిగతా మూడు వేళ్ళతో పొదివి పట్టుకుంది. లినో చెంచా అయినా, చీపురుపుల్ల అయినా అలాగే పట్టుకునేవాడు. మైనం మీద గుంటలు పడ్డాయి... ఇంతింత చిన్న గుంటలు! పిల్లవాడి వేళ్ళు!

"చిటికెన వేలు లోపలికి పెట్టరా. తెగుతుంది."

"నాకు ఇలాగే బావుంటుంది."

"సరే. అలాగే చేస్తాను." అతను ముద్దని రెండు చేతుల్లో పట్టుకున్నాడు. పగలలేదు, గడ్డకట్టలేదు. వెచ్చగా ఉంది. "దీంతో ఏం కోస్తావ్?"

"మొసలిని."

"ముందు రొట్టె కొయ్యడం నేర్చుకో. మొసలి సంగతి తరవాత చూద్దాం." ముద్దని తడిగుడ్డలో చుట్టాడు. "అక్కడ ఎలా ఉంది నాన్నా?"

జుట్టులోంచి నీళ్ళు బొట్టు బొట్టుగా...

"ఎగురుదామంటే వీపు బరువుగా ఉంది. చలేస్తోంది. అమ్మకి చెప్పకు, బెంగెట్టుకుంటుంది."

బాల్తాసార్ ఆ రోజే అట్టముక్క తిరగేసి, వెనక వైపు కొత్తగా గీశాడు. బోలు లేదు. మూత లేదు. గట్టి కొమ్ము పిడి, దాని చివరిదాకా దిగిన తోక. మూడు వేళ్ళకి మూడు గుంటలు, బయటికి చాచిన చిటికెన వేలికి ఆనుగా ఓ చిన్న వంపు. మాంత్రికుడికి అనుమానం రాకుండా పైకి మూతలా కనిపించే గాడి ఒకటి గీశాడు. రంధ్రం, పట్టీ అలాగే ఉంచాడు. పాత ఆకురాయిని కొలిమిలో పెట్టి, ఎర్రబడ్డాక సాగగొట్టాడు. నూనెలో ముంచినప్పుడు లేచిన పొగకి కళ్ళు మండాయి. తుడుచుకోలేదు. తుడుచుకుంటే ఏడ్చినట్టవుతుందని భయం.

కత్తి పూర్తయిన సాయంత్రం దాన్ని తెచ్చి ఎర్మెలిందా ఒళ్ళో పెట్టాడు. ఆమె పిడి మీది గుంటల్లో వేలు పెట్టి చూసింది. చిటికెన వేలి వంపు దగ్గర ఆగిపోయింది. అంతా అర్థమైపోయింది.

"సిరియాకో పెళ్ళాం సంగతి విన్నాను," అంది మెల్లగా. "రుఫీనా చెప్పింది."

"ఆ దారం కొస నీ గుండెలో ఉంది ఎర్మే. నువ్వు బిగబట్టుకుంటే ఏ కత్తీ చాలదు."

"వాడు వెళ్ళిపోతే మధ్యాహ్నాలు నాకేముంటాయి?"

"నాకూ ఏమీ ఉండవు. వాడి పేరొక్కటి ఉంటుంది."

ఆమె కత్తిని ఒళ్ళోంచి తీసి బల్ల మీద పెట్టింది. 

* * *

ఉరిమింది!

పడమటి దిక్కున కాటుక కొండల్లా మేఘాలు లేచాయి. మిట్టమధ్యాహ్నం సంధ్యలా మసకబారింది. గడగడలాడిన తాటిమట్టల మధ్య నుంచి ఓ పడవ నీటిని చీల్చుకుంటూ వచ్చింది. తెడ్డు లేదు. గడకర్ర లేదు. కింద నుంచి ఏవో చిన్న చిన్న చేతులు దాన్ని తోస్తున్నాయి...!

దోన్ సెవెరో వసారాలో అడుగుపెట్టేసరికే ఎర్మెలిందా ఉయ్యాలలో బిగుసుకుపోయి ఉంది. నోట్లోంచి, ముక్కులోంచి నీళ్ళు కారుతున్నాయి. అతను ఆమె చుట్టూ ఎముకల బూడిదతో వలయం గీశాడు. పాదాల దగ్గర కపాలాన్ని నిలిపాడు. పెదవులు కదలకుండానే అతని కంఠంలోంచి మంత్రం వెలువడింది... తేనెటీగల రొదలా... బావిలోంచి వచ్చే ప్రతిధ్వనిలా...

ప్రాణం నిలిపే ప్రార్థన కాదది. వింటే గుండెలో నెత్తురు గడ్డకట్టే మారణ మంత్రం!

భస్మవలయం నీలిమంటగా లేచింది. ఆ వెలుగులో కనబడింది దారం! ఎర్మెలిందా గుండెలోంచి బయల్దేరి, సాలెపోగులా సన్నగా, మంచుబొట్లు గుచ్చినట్టు కన్నీటిబొట్లతో మెరుస్తూ, గాల్లోకి సాగింది. దాని రెండో కొసన ఎవరూ కనబడలేదు. దారం మాత్రం చలికి వణికే బిడ్డలా వణుకుతోంది.

"కత్తి," అన్నాడు సెవెరో.

బాల్తాసార్ అందించాడు. మాంత్రికుడు ముందు పట్టీని మణికట్టుకి మూడు చుట్లు చుట్టి ముడేశాడు. ఆ తరవాతే పిడి బిగించాడు. మరుక్షణం అతని ముఖం నల్లబడింది. వేళ్ళు గుంటల్లో ఇమడవు. పిడి జారుతోంది. దారం మీద వేటు వేశాడు. అలుగు పొగలోంచి పోయినట్టు పోయింది! మళ్ళీ వేశాడు. ఈసారి పిడి గిర్రున తిరిగి అతని అరచేతిని అడ్డంగా చీల్చింది!

"ఎవరి చెయ్యిరా ఇది?" అతని గొంతు చీరుకుపోయింది. "ఎవరికి కొలిచావ్?"

"ఎవరికి మాటిచ్చానో వాడికి," అన్నాడు బాల్తాసార్.

మాంత్రికుడు కాలితో కపాలాన్ని తన్నాడు. అందులోంచి ఎముకలు ఎగిరి బాల్తాసార్ ఒంటి నిండా తేళ్ళలా గుచ్చుకున్నాయి. అతను కుప్పకూలాడు. కనబడని చేతులు, చిన్న చిన్న చేతులు, అతన్ని నేలకేసి అదిమిపెట్టాయి. ఆ చేతులు ఏడుస్తున్నాయి... అదుముతూనే ఏడుస్తున్నాయి...

"దారం తెగకపోతే మానె. తల్లినే తెంపేస్తాను!" సెవెరో ఎడం చేత్తో ఎర్మెలిందా గొంతు పట్టుకున్నాడు.

అప్పుడు ఆమె కుడిచెయ్యి లేచింది.

బొటనవేలు పైకి... చిటికెన వేలు బయటికి... మూడు వేళ్ళు వచ్చి మాంత్రికుడి నెత్తుటి చేతిలోంచి పిడిని సునాయాసంగా లాక్కున్నాయి. ఇనుము ఒక్కసారి పిలిస్తే పలికినట్టు మోగింది.

"ఇది నాది," అంది లినో గొంతు.

సెవెరో పట్టీ పట్టి గుంజాడు. పశువుల్ని కట్టి లాగే బలం ఉన్నవాడు. ఆ చెయ్యి వెంట్రుకవాసి కదల్లేదు!

"అమ్మా. కోసెయ్యనా?"

ఉరుము ఆగిపోయింది. మంట కదలడం మానేసింది. నేల మీద పడి ఉన్న బాల్తాసార్‌కి భార్య ముఖం కనబడుతోంది. తేలిపోయిన నల్లగుడ్లు మెల్లగా కిందికి దిగాయి. ఒకే ముఖంలో ఇద్దరూ ఉన్నారు. ఆమె దారం వైపు చూసింది. ఎంత సన్నం... అయినా అదొక్కటే కదా మిగిలింది! ఆమె గుండె ఎగసిపడింది. కళ్ళలో నీళ్ళు నిండాయి, రెప్పల అంచు దాకా వచ్చాయి. అక్కడే ఆపింది. పర్వతాన్ని ఆపినట్టు ఆపింది.

"కోసెయ్ నాన్నా," అంది ఎర్మెలిందా. "చేతికి తగలకుండా."

కత్తి కదిలింది. చిన్న చప్పుడు... నూలుపోగు తెగినంత చప్పుడు.

అంతే!

నీలిమంట ఆరిపోయింది. కపాలం నిలువునా రెండుగా పగిలింది. కత్తి ఆమె చేతిలోంచి ఎగిరింది. దాన్ని పట్టుకున్న చెయ్యి ఇప్పుడు ఎవరికీ కనబడదు. పట్టీ చివర మాంత్రికుడు! అతను ముడి విప్పబోయాడు. విడలేదు. పళ్ళతో కొరికాడు. తెగలేదు. బాల్తాసార్‌ని అదిమిపెట్టిన చేతులన్నీ ఒక్కసారిగా వదిలేశాయి... వదిలేసి మాంత్రికుడి మీదికి మళ్ళాయి! కాలర్ పట్టుకున్నవి కొన్ని, కాళ్ళు పట్టుకున్నవి కొన్ని. వసారా దాటించి, మట్టిలో ఈడ్చుకుంటూ...

"వదలండి... నేను చెబితే వినాలి మీరు... వదలండి..."

ఎవరూ వినలేదు. ఒడ్డున బురద మీద ఎన్నో బుల్లి పాదాల గుర్తులు పడ్డాయి. పిల్లల నవ్వులు వినబడ్డాయి, వేసవిలో ఈతకి దూకేముందు నవ్వే నవ్వులు. సరస్సు నోరు తెరిచింది. ఒక కేక, సగం కేక... నీళ్ళు మూసుకున్నాయి. బుడగలు కూడా రాలేదు.

ఆ నీళ్ళ మీంచి తెల్లకొంగల గుంపులాంటిదేదో లేచి, మేఘాల్లోకి వెళ్ళిపోయింది.

* * *

వాన మొదలైంది.

దోన్యా రుఫీనా తడుస్తూ వచ్చి, పగిలిన కపాలాన్ని చూసి సిలువ గుర్తు వేసుకుంది. ఎర్మెలిందా ఉయ్యాలలో నిటారుగా కూర్చుని ఉంది. జుట్టు పొడిగా ఉంది. కింది పెదవి పళ్ళ మధ్య నలిగి నెత్తురు కారుతోంది. బాల్తాసార్ పాక్కుంటూ వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె చెయ్యి అందుకున్నాడు. ఆ చెయ్యి ఇప్పుడు ఆమెదే. పట్టు ఆమెదే.

"ఇప్పుడు ఏడవొచ్చా?" అని అడిగింది ఎర్మెలిందా.

ముసలమ్మ ఆకాశం వైపు చూసింది.

"చిన్నపిల్లాడు కదా తల్లీ, మెల్లగా వెళ్తాడు. మబ్బు దాటనీ."

ముగ్గురూ కూర్చున్నారు. వాన చూరు మీద, సరస్సు మీద, చల్లారిన కొలిమి మీద కురిసింది. ఎర్మెలిందా భర్త చేతిని ఎంత గట్టిగా పట్టుకుందంటే అతని వేళ్ళు తిమ్మిరెక్కాయి. అతను కదిలించలేదు. ఆమె కన్ను ఆర్పకుండా మబ్బునే చూస్తోంది. అది పలచబడింది. చీలింది. తూర్పుకి జరిగిపోయింది. ఖాళీ ఆకాశం కనబడింది.

రుఫీనా తల ఊపింది.

"లినో," అని పిలిచింది ఎర్మెలిందా, పేరు మొత్తం, స్పష్టంగా. అప్పుడు ఏడ్చింది.